అద్దం మీద చుక్క

మందుల షాపుల్లో అగ్గిపెట్టెంత డబ్బాలో దొరుకుతున్న ‘చుక్క’ను కాకినాడలో మా ల్యాబు కనిపెట్టిందని పేపర్లు రాస్తున్నాయి. అందులో సగమే నిజం. మిగతా సగం జగన్నాథపురంలో, ఉప్పుటేరు పక్క వీధిలో, ఒక ఇంటి అద్దం మీద దొరికింది. ఆ డబ్బా మూత లోపల చిన్న అద్దం ఎందుకుందని ఎవరూ అడగరు. అడిగినా, రాసేవాళ్ళకి తెలియదు. అందుకని నేను రాస్తున్నాను. నా పేరు వకుళ. ఆ ల్యాబులో హార్మోన్ల సంగతి చూసేదాన్ని. నాకు నోటి దురుసు ఎక్కువని పేరు. ఆ పేరు చెడగొట్టుకోకుండానే చెబుతాను.

చుక్క చూడటానికి మామూలు స్టిక్కర్ బొట్టే. నుదుటి మీద పెట్టుకుంటే చెమటను రుచి చూసి, ఒంట్లో ఏ హార్మోను ఎంతుందో, గుండె వేగం, ఒంటి వేడి ఎంతో మా కంప్యూటరు మీద గీత గీసి చెబుతుంది. తగ్గిందనిపిస్తే తన మడతలో దాచుకున్న మందును చర్మంలోంచి కొద్దికొద్దిగా లోపలికి పంపుతుంది. ఆ మందుకి మేం పెట్టుకున్న ముద్దుపేరు ‘జోల’. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆడదాని మెదడును జోకొట్టే రసాయనం ఒకటి ఒంట్లో వరదలా పొంగుతుంది. బిడ్డ బయటపడగానే ఆ వరద ఒక్కసారిగా తీసేస్తుంది. చాలామంది తట్టుకుంటారు. తట్టుకోలేని పిల్లని మనవాళ్ళు గాలి సోకిందంటారు, పొగరంటారు, పుట్టింటి పెంపకం అంటారు. పాపం, రసాయనం అని మాత్రం ఎవరూ అనరు.

ఈ చుక్క ఆకారం, జిగురు, రంగు అన్నీ నిర్ణయించింది మా జట్టులోని మగవాళ్ళు. జన్మలో బొట్టు పెట్టుకున్న పాపాన పోలేదు ఒక్కడూ. జట్టుకి పెద్ద ఫణీంద్ర. నాకంటే చిన్నవాడు, నిజంగా తెలివైనవాడు, మంచివాడు కూడా.

“వాడే విధానంలో ‘ఎప్పుడూ తీయరాదు’ అని రాశారే, స్నానానికి తీస్తారు కదయ్యా?” అన్నాను ఒకరోజు.

“నీళ్ళు పట్టవు మేడమ్. వారం రోజులు నీటిలో నానబెట్టి చూశాం” అన్నాడు గర్వంగా.

నేను అడిగింది నీళ్ళ గురించి కాదు. సరే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

మనుషుల మీద ప్రయోగానికి అనుమతి వచ్చాక మా దగ్గరికి వచ్చిన మొదటి బాలింత ప్రసూన. మొగుడు వీరబాబు పోర్టులో క్రేన్ నడుపుతాడు. అతను ఒక పక్క, అత్తగారు గంగాభవాని ఇంకో పక్క పట్టుకుని తీసుకొచ్చారు. పసిపిల్ల అత్తగారి భుజం మీద ఉంది. తల్లి ఆ వైపే చూడటం లేదు.

గంగాభవానికి యాభై దాటి ఉంటాయి. నుదుట బొట్టు లేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“తల్లి లేని పిల్లండి. పుట్టింటికని ఎక్కడికి పంపనండి? నేనే పురుడు పోశాను. కాయం మందు తినిపించాను, పత్యం పెట్టాను. మరేం తక్కువ చేశానో నాకు తెల్దండి” అంది, ఎవరో తనని నిలదీసినట్టు.

“మీరేమీ తక్కువ చెయ్యలేదమ్మా” అని ప్రసూన వైపు తిరిగాను. “పాప ఏడిస్తే ఏమనిపిస్తుందమ్మా నీకు?”

కొంగు అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత, “వినపడుద్దండి. పక్కింట్లో ఏడుస్తున్నట్టు వినపడుద్ది. వాళ్ళమ్మ తీసుకోదేంటా అనుకుంటానండి” అంది.

వీరబాబు మొహం పక్కకి తిప్పుకున్నాడు. బారసాల కూడా వాయిదా వేశారట. పిల్లకి ఇంకా పేరు లేదు. ఏం పేరు పెడదామని అడిగితే తల్లి గోడకేసి చూస్తోందట.

చుక్క నేనే పెట్టాను. మెరూన్ రంగుది. పెడుతుంటే ప్రసూన కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళకి ఎవరో తనని ముస్తాబు చేస్తున్నారనుకుందో ఏమో, పెదవి కొంచెం కదిలింది.

మొదట్లో ఏమీ కనిపించలేదు. తర్వాత కంప్యూటరు మీది గీత నెమ్మదిగా లేవడం మొదలుపెట్టింది. అయితే మాకు అసలు కబురు గీత చెప్పలేదు. వీరబాబు ఫోన్ చేసి చెప్పాడు.

“మేడమ్‌గారండీ! తిట్టిందండీ!”

“ఎవరు?”

“ప్రసూనండి! పాల డబ్బా మూత పెట్టలేదని నన్ను తిట్టిందండి. బాగా తిట్టిందండి! మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి తిట్టిందండి!” అతను ఏడుస్తున్నాడు.

ఆ రోజు మా ల్యాబులో కాజాలు పంచుకున్నాం. ఫణీంద్ర నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మర్నాడు ప్రసూన పాపని ఒళ్ళో వేసుకుందని కబురు. ఆ మర్నాడు పాలిచ్చిందని. నాకు ఇంటికి వెళ్ళాలనిపించేది కాదు. ఆ గీతనే చూస్తూ కూర్చునేదాన్ని.

అంతా బాగుంది అనుకుంటుండగా గీతకి పిచ్చెక్కింది.

పొద్దున్న స్నానాల వేళ దాకా బాగానే ఉండేది. అక్కణ్ణుంచి మధ్యాహ్నం భోజనాల దాకా ప్రసూన ఒంట్లో ఇంకెవరో దూరినట్టుండేది. హార్మోన్లన్నీ అడుగంటినట్టు చూపించేది. ఉన్నట్టుండి ఒంట్లో మంట రేగినట్టు వేడి ఎగిసేది, గుండె దడదడలాడేది. చుక్క కంగారుపడి ఆ రోజుకి ఇవ్వాల్సిన జోలంతా కుమ్మరించేసేది. మధ్యాహ్నం తర్వాత మళ్ళీ మామూలు ప్రసూన గీతే, కానీ మందు లేక కిందికి జారుతూ ఉండేది.

“సెన్సర్ పాడైంది మేడమ్. పాతికేళ్ళ బాలింతకి ఇవి యాభై దాటిన మనిషి లెక్కలు” అన్నాడు ఫణీంద్ర.

“మరి పొద్దుటి పూట సరిగ్గానే చెబుతోందిగా?”

“అదే అర్థం కావట్లేదు. వచ్చే వారం హైదరాబాద్‌లో పరిశీలన సంఘం కూర్చుంటోంది. పాడైన చుక్కని మనిషి నుదుటి మీద ఉంచామంటే నన్ను ఉరితీస్తారు. ఆపేద్దాం.”

మేం వాదించుకుంటుండగానే వీరబాబు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం ప్రసూన పాపని ఉయ్యాల్లో పడుకోబెట్టి, వీధి తలుపు బార్లా తీసి, ఉప్పుటేరు దాకా నడిచి వెళ్ళిందట. గట్టు మీద చెప్పులు విడిచి నిలబడి ఉంటే గంగాభవాని పరుగెత్తుకెళ్ళి జబ్బ పట్టి లాక్కొచ్చిందట. ఎందుకెళ్ళావే అంటే, “అక్కడ ఏడుపు వినపడదు” అందట.

ఫణీంద్ర తల పట్టుకుని కూర్చున్నాడు. “ఇంక అయిపోయింది మేడమ్. ఇవాళే ఆపేస్తాను.”

“ఆపితే ఆ పిల్ల మళ్ళీ ఆ గట్టు మీదికే పోతుంది. అప్పుడు ఎవరు పరుగెత్తుతారు, నీ సంఘమా?” అన్నాను. గట్టిగానే అన్నాను. “ఒక్కరోజు ఆగు. రేపు పొద్దున్న నేను వెళ్ళి ఆ ఇంట్లో కూర్చుంటాను. నీ గీత ఏ వేళ దారి తప్పుతోందో ఆ వేళ నా కళ్ళతో చూస్తాను.”

చిన్న డాబా ఇల్లు. వెళ్ళేసరికి వీరబాబు డ్యూటీకి వెళ్ళిపోయాడు. ప్రసూన నన్ను చూసి లేచి నిలబడింది. కళ్ళ కింద నల్లగా ఉంది కానీ చుక్క నుదుట ఉంది, పాప ఒళ్ళో ఉంది. నా ఫోన్లో గీత సరిగ్గానే నడుస్తోంది.

“నీళ్ళు కాగాయే, రా” అని లోపల్నుంచి అత్తగారు పిలిచింది.

ప్రసూన పాపని నా చేతుల్లో పెట్టి నడవాలో గోడకున్న అద్దం ముందుకి వెళ్ళింది. నాతో మాట్లాడుతూనే, “కాఫీ తాగుతారాండీ?” అంటూనే, గోటితో నుదుటి మీది చుక్కను లాగి అద్దం మూలన అతికించి స్నానానికి పోయింది.

నేను అక్కడే కొయ్యబారిపోయాను.

ఆ అద్దం అంచు చుట్టూ స్టిక్కర్లు. ఎర్రవి, నల్లవి, పెళ్ళినాటి రాళ్ళ బొట్టు ఒకటి, జిగురు ఎండిపోయి రాలడానికి సిద్ధంగా ఉన్నవి కొన్ని. మా ఇంట్లో అద్దమూ అంతే. మీ ఇంట్లోదీ అంతే. స్టిక్కరు బొట్టు పెట్టుకునే ఏ ఆడది బొట్టుతో తలమీద నీళ్ళు పోసుకుంటుంది? నిద్ర కళ్ళతో కూడా చెయ్యి దానంతటదే తీసి అద్దానికి అతికిస్తుంది. తీశామన్న సంగతి కూడా గుర్తుండదు. ‘చుక్క తీశావా’ అని ఎన్నిసార్లు ఫోన్లో అడిగినా, లేదనే చెప్పింది ప్రసూన. అబద్ధం కాదు. స్నానానికి తియ్యడం ఏ ఆడదాని లెక్కలోనూ తియ్యడం కాదు. వారం రోజులు నీటిలో నానబెట్టారట, మహానుభావులు!

ఫోన్ చూశాను. గీత పడుకుంది. ఖాళీ. అద్దానికి చెమట పట్టదు కదా.

బాలింత స్నానమంటే చిటికెలో అయ్యేది కాదు. నూనె, నలుగు, కాగు నీళ్ళు, ఆ పైన సాంబ్రాణి పొగ. అన్నీ అత్తగారే దగ్గరుండి చేసింది. బయటికొచ్చేసరికి ప్రసూన మొహమంతా పసుపు, చెవుల్లో దూది. పాపని పక్కన వేసుకుని అలాగే మంచం మీద నిద్రలోకి జారిపోయింది. నేను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఆమెనే చూస్తున్నాను. నుదుట పసుపు తప్ప ఏమీ లేదు.

అప్పుడు నా చేతిలోని ఫోన్లో గీత లేచింది.

నా కళ్ళెదురుగా బాలింత నిద్రపోతోంది. ఫోన్లో మాత్రం ‘ప్రసూన’ అన్న పేరు కింద ఎవరిదో గుండె దడదడ కొట్టుకుంటోంది. ఒంట్లో వేడి ఎగిసింది. జోల విడుదలైంది. మధ్యలో వచ్చిన ఖాళీని మా సాఫ్ట్‌వేర్ ‘సిగ్నల్ సరిగా లేదు’ అనుకుని ఇన్నాళ్ళూ అతికేస్తూ వచ్చిందని అప్పుడు తెలిసింది.

లేచి అద్దం దగ్గరికి వెళ్ళాను. మూలన చుక్క లేదు.

వంటింట్లో గంగాభవాని నాకు వీపు పెట్టి వెల్లుల్లి ఒలుస్తోంది. సన్నగా కూనిరాగం తీస్తోంది. ఆవిడ పాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

“గంగాభవాని గారూ” అన్నాను.

రాగం ఆగిపోయింది. చప్పున కొంగు నుదుటి మీదికి లాక్కుని తిరిగింది. ఆ కళ్ళలో భయం చూశాక నాకు గద్దించాలనిపించలేదు. పక్కనే పీట వేసుకుని కూర్చుని నేనూ ఒక వెల్లుల్లి గడ్డ అందుకున్నాను.

“ఎర్రటి మొహానికి మెరూన్ బాగానే ఉంటుందిలెండి” అన్నాను.

కొంగు జారిపోయింది. నుదుటి మధ్య చుక్క. మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే చిన్నబోయింది.

“దొంగతనం చేశానండి. రోజూ అది నిద్దర లేచేలోపు మళ్ళీ అద్దానికి అతికించేస్తన్నాను” అంది.

“ఎప్పట్నుంచి?”

“అద్దం తుడుస్తుంటే చేతికొచ్చిందండి. ఊరికే పెట్టి చూసుకున్నాను. ఆయన పోయాక నేను మొహం చూసుకోలేదండి. బొట్టు ఎవరూ తియ్యమనలేదు నన్ను. ఎవరూ పెట్టుకోమనలేదు కూడాను. ఊరికే పోయింది, అంతే.” ఇంకో వెల్లుల్లి రెబ్బ ఒలిచింది. “తీసేద్దామనే అనుకున్నానండి. కానీ పెట్టుకున్న కాసేపటికి లోపల మంట చల్లారింది.”

“ఏం మంట?”

“ముట్లు ఆగిన కాడ్నించి ఉన్నదేనండి. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కాలిపోతాను. తడి చీరలా అయిపోద్ది ఒళ్ళు. నిద్దర లేదు. ఊరికే ఏడుపొచ్చేస్తది. కూరలో ఉప్పెక్కువైందని వీరబాబు అంటే గోడకి తల బాదుకోవాలనిపించేది. వయసు కదా, ఇంతేలే అనుకున్నాను. ఇంట్లో పచ్చి బాలింత, చంటిపిల్ల. మధ్యలో నా గోల ఎవరికి చెప్పనండి? ఈ బొట్టు పెట్టుకుంటే మనసు కుదుటపడుతుంది. బొట్టు మహిమ అనుకున్నాను. పిల్లకి పెట్టిన మందు ఇందులోనే ఉందని...” మాట సగంలో తెగిపోయింది. ఆవిడకి అప్పుడు అర్థమైంది. నేను చెప్పనక్కర్లేకపోయింది.

“అయితే నిన్న ఇది ఏటి గట్టుకి పోయింది...”

నేను చేతిలోని వెల్లుల్లి కింద పెట్టాను.

“నా మూలానా అండీ? దాని మందు నేను తినేశానా?” అని రెండు చేతులా నుదురు కొట్టుకుంది. చుక్క ఊడి వెల్లుల్లి పొట్టులో పడింది. “నేను పురుడు పోసి నేనే చంపుకునేదాన్నా తల్లీ!”

ఆ కేకకి ప్రసూన లేచి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి అంతా విన్నట్టుంది. పసుపు మొహం మీద ఏ భావమూ లేదు. అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు కదా. ఈ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు, మధ్యలో మా చుక్క. ఏ మాట అంటుందో ఈ పిల్ల!

ప్రసూన వంగి, పొట్టులోంచి చుక్క ఏరి, కొంగుతో తుడిచింది.

“అడిగితే ఇచ్చేదాన్ని కదా అత్తయ్యా” అంది.

గంగాభవాని తలెత్తలేదు. ప్రసూన ఆవిడ పక్కన చతికిలబడి, “నాకొక్కదానికే అనుకున్నానండి ఇలాగ” అంది నాతో. “మా అత్తయ్య రాత్రులు పెరట్లో తిరుగుతా ఉంటే నామీద కోపం అనుకున్నాను.” ఆ రోజు ఆమె నాతో మాట్లాడిన మాటలన్నింటిలోకీ అదే పెద్దది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వెల్లుల్లి ఘాటు అని చెప్పుకున్నాను.

సాయంత్రం ల్యాబులో ఫణీంద్ర ఎగిరిపడ్డాడు.

“ఒక చుక్క ఇద్దరు మనుషులు వాడారా? నియమాలన్నీ మంటగలిసిపోయాయి మేడమ్! మొత్తం డేటా చెత్తబుట్టే!”

“చెత్తబుట్టకి నువ్వు పోతావ్” అన్నాను. “కళ్ళు తెరిచి చూడు. సెన్సర్ పాడవలేదు. అది మొదట్నుంచీ నిజమే చెబుతోంది. ఇది యాభై దాటిన మనిషి గీత అని మొత్తుకుంటోంది, మనమే నమ్మలేదు. ఇదిగో మంట ఎగిసింది. ఇదిగో జోల వెళ్ళింది. ఇదిగో చల్లారింది. రోజూ ఇంతే. బిడ్డ పుట్టగానే ఏ రసాయనం తగ్గుతుందో, ముట్లు ఆగాక కూడా అదే తగ్గుతుంది. ఒకరికి వరద తీసింది, ఇంకొకరికి చెరువు ఎండింది. మందు ఒకటే. మనం ఒక తలుపు తడితే రెండు తెరుచుకున్నాయి.”

ఫణీంద్ర గీతను దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపు లెక్కలు చూసే చూపు కాదు.

“మా అమ్మ ఆ వయసులో రెండేళ్ళు మాతో సరిగ్గా మాట్లాడలేదు మేడమ్” అన్నాడు. “కోపిష్టి అని పేరు పెట్టాం. నాన్న అయితే భోజనానికి కూడా బయటే ఉండిపోయేవారు.”

“ఆవిడ ఉన్నారా?”

“ఉన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ రెండేళ్ళ గురించి మేం ఎప్పుడూ అడగలేదు.” లేచి బయటికి వెళ్ళి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు కానీ, తిరిగొచ్చి, “హైదరాబాద్ నేనే వెళ్తాను. ఏదీ దాచకుండా మొత్తం చెప్తాను” అన్నాడు.

చెప్పాడు. సంఘం వాళ్ళు మొదట మండిపడ్డారు, తర్వాత గీత చూసి నోళ్ళు మూశారు. గంగాభవాని ఒప్పుకుంటే ఆవిడకి వేరే చుక్క ఇవ్వమని, ఇద్దరి చుక్కలూ కలిసిపోకుండా రంగులు మార్చమని అనుమతిచ్చారు. దాంతోపాటు ఒక సలహా పారేశారు. భర్త లేనివాళ్ళకి, పెద్దవాళ్ళకి ఇబ్బంది లేకుండా చర్మం రంగులో చెయ్యండి, కనపడకుండా ఉంటుంది అని. చాలా సున్నితంగా ఆలోచించామని వాళ్ళు అనుకున్నారు. ఫణీంద్ర కూడా అనుకున్నాడు. ఆ చుక్క పట్టుకుని మురిసిపోతూ నాతో జగన్నాథపురం వచ్చాడు.

గంగాభవాని అరచేతిలో పెట్టుకుని చూసింది. “కనపడదాండీ?” అంది.

“అస్సలు కనపడదమ్మా. ఎవరికీ తెలియదు” అన్నాడు ఫణీంద్ర ఉత్సాహంగా.

“మంచిదేనండి” అంది ఆవిడ. ఆ గొంతులో ఏదో ఆరిపోయింది.

ప్రసూన పాపని చంకనేసుకుని వచ్చి, అత్తగారి చేతిలోంచి దాన్ని తీసుకుని అద్దానికి అతికించి చూసింది. ఎదుటి మట్టిరంగు గోడ ప్రతిబింబంలో కలిసిపోయి నిజంగానే కనిపించలేదు.

“ఇదేంటండీ, అద్దం మీద కనపడదు. స్నానం చేసొచ్చేసరికి మా అత్తయ్య దీన్ని ఎక్కడ వెతుక్కుంటది? అసలే చత్వారం. ఊడ్చేస్తే చెత్తలో పోద్ది. ఇంత మందు పెట్టి చేసి, తెలివుండొద్దా?” అంది.

ఫణీంద్ర అద్దం దగ్గరికెళ్ళి వేలితో తడిమి దాన్ని వెతికాడు.

“మరే రంగు కావాలమ్మా?” అని నేను గంగాభవానిని అడిగాను. ఆవిడ కోడలి వైపు చూసింది. వీరబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వాడి వైపు చూసింది. “నీ ఇష్టం అమ్మా. వెతుక్కోడానికి వీలుగా ఉండాలి కదా” అన్నాడు వాడు, నేల చూస్తూ.

“అయితే ఎర్రదివ్వండి” అంది. “పెద్దది.”

ఆ తర్వాత మళ్ళీ ఏ గీతా దారి తప్పలేదు. వారాలు గడిచేకొద్దీ ప్రసూన గీత మెట్టు మెట్టుగా పైకెక్కి నిలబడింది. వాయిదా పడ్డ బారసాలకి మమ్మల్నీ పిలిచారు. ఇల్లంతా చుట్టాలు. ప్రసూన ఆకుపచ్చ చుక్క పెట్టుకుని పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పిల్ల ఏడిస్తే పక్కింటి వైపు కాకుండా ఒళ్ళోకి చూసి, “ఉండవే, వచ్చినవాళ్ళ ముందు పరువు తీస్తావేంటే” అంటోంది. నాకు అంతకంటే మంచి సంగీతం తెలియదు.

పళ్ళెంలో బియ్యం పోసి, వీరబాబు ఉంగరంతో పేరు రాయబోతుంటే గంగాభవాని ఎప్పటిలాగే వంటింటి గుమ్మం వెనక నిలబడింది. ప్రసూన మెడ తిప్పి చూసింది.

“అత్తయ్యా, మీరు ముందుకి రండి. నన్ను చావులోంచి లాక్కొచ్చిన మనిషి వెనకాల నిలబడితే ఎట్టా? నేను పేరు చెప్పను.”

ఆవిడ వచ్చింది. నుదుట అర్ధరూపాయంత ఎర్ర చుక్క. వీరబాబు పెద్దమ్మ ఒకావిడ ముక్కున వేలేసుకుంది.

“ఇదేం విడ్డూరమే గంగా!”

ఇక గొడవే అనుకున్నాను. నేను లేవబోయాను కూడా.

“మందు అక్కా” అంది గంగాభవాని తాపీగా. “డాక్టరుగారు రాసింది. ఇదుగో, పక్కనే ఉన్నారు, అడుగు.”

అందరూ నా వైపు తిరిగారు. నేను ఎంత గంభీరంగా తల ఊపానంటే, ల్యాబులో నన్నెరిగినవాళ్ళెవరూ నమ్మరు. పెద్దమ్మ కాసేపు చూసి, గొంతు తగ్గించి, “ఒంట్లో మంటలకేనా? నాకూ రాస్తారేమో అడగవే” అంది. విన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆ నవ్వులకి పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపులోనే ప్రసూన వంగి పిల్ల చెవిలో పేరు చెప్పింది. తారక. చుక్కకి అంతకంటే మంచి పేరేముంది!

శాస్త్రం శాస్త్రమే కాబట్టి ఫణీంద్ర తర్వాత ఇంకో పరీక్ష పెట్టాడు. కొన్నాళ్ళు గంగాభవానికి మందు లేని ఖాళీ ఎర్ర చుక్క ఇచ్చాడు. పరీక్షకని ముందే చెప్పి ఒప్పించాడు, ఏవి ఖాళీవో మాత్రం చెప్పలేదు. రెండో రోజుకే ఆవిడ ఫోన్ చేసింది. “ఇది ఖాళీదండి. మంట తిరిగొచ్చింది, నిద్దర లేదు. తొందరగా లెక్కలు రాసుకుని నా మందు నాకిచ్చెయ్యండి.” మందు పనిచేస్తోందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఆ ఖాళీ చుక్క గీతలో రోజూ పొద్దున్న ఒకచోట గుండె దడ కొంచెం నెమ్మదించేది. ఏ మందూ వెళ్ళని వేళ అది. ఫణీంద్ర బుర్ర గోక్కున్నాడు.

“అప్పుడు ఏం చేస్తున్నారమ్మా?” అని అడిగాను.

“అద్దం చూసుకుంటానండి, బొట్టు సరిగ్గా ఉందా అని” అంది.

ఆ సంగతిని ఫణీంద్ర తన వ్యాసంలో కింద చిన్నక్షరాల్లో వేశాడు. నా మాట వింటే పైన పెద్దక్షరాల్లో వేసేవాడు. డబ్బా మూతలో అద్దం పెట్టాలని మాత్రం వాడే అన్నాడు. ‘ఎప్పుడూ తీయరాదు’ తీసేసి, ‘స్నానానికి తీసి ఈ అద్దానికి అతికించండి, ఒకరిది ఒకరు పెట్టుకోకండి’ అని రాయించాడు. చర్మం రంగు చుక్కలు కూడా చేసి షాపుల్లో పెట్టాం. అడిగినవాళ్ళు తక్కువ. దాదాపు అందరూ ఎరుపే అడిగారు.

కాలక్రమంలో ప్రసూనకి మందు అవసరం లేకపోయింది. ఇంకొన్నాళ్ళకి గంగాభవానికి కూడా మోతాదు తగ్గిస్తూ వచ్చి ఆపేశాం. మిగిలిన చుక్కలు తిరిగి ఇవ్వడానికి మనవరాలిని వెంటబెట్టుకుని ల్యాబుకి వచ్చింది. తారక మా గాజు సీసాలు లాగెయ్యకుండా ఫణీంద్ర వెంటపడి తిరుగుతున్నాడు. గంగాభవాని ఈసారి చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. కాఫీ అడిగి మరీ తాగింది.

ఆవిడ నుదుటి మీద ఎర్ర చుక్క అలాగే ఉంది. కంప్యూటరు వైపు చూశాను. ఆవిడ పేరు ఎదురుగా ఏ గీతా లేదు. అది మాది కాదు. మెయిన్ రోడ్డులో ఏ ఫ్యాన్సీ షాపులోనో కొన్నది.

“మందు ఆపేశాం కదమ్మా?” అన్నాను నవ్వుతూ.

“మందు ఆపేశారండి” అంది గంగాభవాని, ఖాళీ గ్లాసు బల్ల మీద పెడుతూ. “బొట్టు ఆపమని ఎవరూ అనలేదు కదా. ఈసారి ఎవరన్నా అన్నా మాననండి.”